ఆపమన్న మాట

దీపిక కాలి మడమ పైన, ఎముక దగ్గర బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కింది ముత్తక్క. మనసులో పది అంకెలు అనుకుని వేలు తీసింది. గుంట పోలేదు. తడిమట్టిలో దిగబడ్డ వేలిముద్రలా చర్మం మీద అట్లనే నిలిచింది.

"ఎన్ని దినాల సంది?"

"పదిహేను దినాలైతుండొచ్చు అత్తా. చెప్పులు పడతలేవు."

"మూత్రం ఎట్లుంది?"

దీపిక పంచలో కూర్చున్న తండ్రి దిక్కు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నురగొస్తుంది. సబ్బునీళ్ల లెక్క."

బొజ్జయ్య వెదురు చీలుస్తున్నాడు. బొంగు మొదట్లో కత్తి ఆనించి, పైన చెక్కతో ఒక్క దెబ్బ వేసి, చీలిన సందులో కత్తిని అటూ ఇటూ ఆడిస్తూ చివరిదాకా తీసుకుపోతున్నాడు. కూతురి మాట వినిపించనట్టే ఉన్నాడు గాని చేతి వేగం తగ్గింది.

వెదుళ్లగుంపులో నలభై ఇళ్లు. పదిహేడేళ్లుగా ఆ ఊరి ఆశా కార్యకర్త ముత్తక్క. ఎవరి వేలు గుచ్చి రక్తపు చుక్క తీయాలన్నా, కిట్టు మీద ఒక గీత వచ్చిందా రెండు గీతలొచ్చాయా చూసి మలేరియా అని చెప్పాలన్నా, ఎవర్ని కాన్పుకు ఆటో ఎక్కించాలన్నా ఆమె మాటే. ఆమె ఇచ్చిన గోలీని ఊళ్లో ముసలివాళ్లు కూడా ఎదురడగకుండా మింగుతారు. జ్వరాల సంగతి ఆమెకు కొట్టిన పిండి. ఈ కాళ్ల వాపు మాత్రం ఆమెకు నచ్చలేదు.

"అన్నా, రేపు పొద్దున్నే ఖమ్మం తోల్కపోతా దీన్ని. పోయినేడు చూసిన డాక్టరమ్మ దగ్గరికే."

"నీ ఇష్టం చెల్లె," అన్నాడు బొజ్జయ్య. "నువ్వెట్లంటే గట్లనే."

*

అశ్వారావుపేట దాకా ఆటోలో, అక్కణ్నుంచి సత్తుపల్లి మీదుగా బస్సులో. ఆటో పామాయిల్ తోటల మధ్య పోతుంటే దీపిక చున్నీని ముఖం మీదికి లాక్కుంది. చెంపల మీద, ముక్కు మీద ఎర్రటి మచ్చ. ఎండ తగిలితే కారం పూసినట్టు మండుతుందని చెబుతుంది. భద్రాచలంలో బట్టల కొట్లో పని చేసినప్పుడు ఆ మచ్చ మొదలైంది. గిరాకీలు చూసి జంకుతున్నారని కొట్టాయన ఆమెను ముందు నుంచి వెనక గోదాములోకి పంపాడు. నాలుగు నెలలు చీరలు మడతపెట్టి, చేతివేళ్ల కీళ్లు బిగుసుకుని మడత కూడా రాని రోజున ఇంటికొచ్చేసింది. ఆ తర్వాతే ఖమ్మంలో రోగం పేరు తెలిసింది. లూపస్.

డాక్టరమ్మ కాగితాలు తిరగేసింది. మూత్రం పరీక్ష, రక్తం పరీక్ష అప్పటికప్పుడు చేయించింది. మధ్యాహ్నం రెండింటికి మళ్లీ లోపలికి పిలిచింది.

"దీపికా, నేను రాసిన గోలీ వేసుకుంటున్నావా?"

దీపిక తల దించుకుంది.

"నిన్నే అడుగుతున్నా. హైడ్రాక్సీక్లోరోక్విన్. నేను చెప్పేదాకా ఒక్కరోజు కూడా మానొద్దని చెప్పినా కదా?"

"ఆపిన మేడం."

"ఎప్పుడు?"

"చలికాలంల."

డాక్టరమ్మ కలం బల్ల మీద పెట్టింది. "ఎనిమిది నెలలు! మళ్లీ చూపించుకోను కూడా రాలేదు. ఎవరు ఆపమన్నరు?"

గోడ దగ్గర నిలబడ్డ ముత్తక్క చేతిలో సంచి బరువెక్కింది. ఎవరు ఆపమన్నారో ఆ క్షణానే గుర్తొచ్చింది ఆమెకు. అప్పటిదాకా ఎందుకు గుర్తు రాలేదో ఆ తర్వాత ఎంత ఆలోచించినా తేలలేదు.

పోయిన చలికాలం, బొజ్జయ్య ఇంటి పంచ. బొజ్జయ్య వెదురుకని అడవికి పోయాడు. నలుగురు ఆడవాళ్లు కూర్చుని చింతపండు గింజ తీస్తున్నారు. 'అత్తా, ఇదేం గోలో చూడు, రోజూ మింగాల్నట' అని దీపిక డాక్టరు చీటీ, గోలీల అట్ట తెచ్చిచ్చింది. ముత్తక్క కళ్లద్దాలు పెట్టుకుని ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది. ముందు మాట నోరు తిరగలేదు గాని వెనక మాట చూడగానే తెలిసిపోయింది. క్లోరోక్విన్. ఎన్ని వేల గోలీలు పంచి ఉంటుంది తను! నలుగురికీ వినబడేలా అన్నది: 'ఇది మలేరియా గోలీ బిడ్డా. నీకు నేనే పరీక్ష చేసిన, ఒక్క గీతే వచ్చింది, మలేరియా లేదు. జ్వరం లేనోళ్లు నెలలకు నెలలు ఇది మింగితే కండ్లు పోతయ్. అడివి దిక్కు నుంచి వచ్చిన్రనంగనే మలేరియా గోలీ రాసి పంపిన్రు, వాళ్లకేం తెల్సు మన సంగతి. ఆపెయ్.' ఆడవాళ్లు అబ్బురంగా చూశారు. ఆ చూపు బాగుందనిపించింది కూడా.

"ఎవరూ చెప్పలే మేడం," అంటున్నది దీపిక. "నేనే ఆపిన. నొప్పులు తగ్గినయని."

ముత్తక్క నోరు తెరిచింది. డాక్టరమ్మ ఆమె దిక్కు చూసి, "మీరు ఆశా కదమ్మా? మీరైనా కనిపెట్టుకుని ఉండాల్సింది," అంది. ముత్తక్క తలూపింది. అంతే, తలూపింది.

"రోగం కిడ్నీకి పాకినట్టుంది. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తేగాని ఎంత దెబ్బతిన్నదో తెలియదు. మూడు రోజులు ఇక్కడే ఉండాలి."

"గోలీ ఆపకపోతే ఇది వచ్చేది కాదా మేడం?" అనడిగింది ముత్తక్క.

"వచ్చేది కాదని రాసివ్వలేను. ఆపకుండా ఉంటే రాకుండా ఉండడానికే ఎక్కువ వీలుండేది."

ఆ జవాబులో మొదటి సగాన్ని పట్టుకుని ముత్తక్క ఆ సాయంత్రమంతా గడిపింది. రాసివ్వలేనన్నది కదా. డాక్టరే చెప్పలేనన్నప్పుడు నేననుకోవడమెందుకు? అట్లా పదిసార్లు అనుకుంది. పదిసార్లూ రెండో సగం కూడా వెంటనే వచ్చి పక్కన కూర్చుంది.

*

మరునాడు ఆసుపత్రి మందుల కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి దీపిక మంచం దగ్గరికి వచ్చింది. పేరు ఫరహా. ముప్పై ఏళ్లుంటాయి. పొడుగు చేతుల కుర్తా, తలకు బిగించి కట్టుకున్న స్కార్ఫు. చెంపల మీద, ముక్కు మీద రంగు మారిన చర్మం. దీపిక ఆ ముఖంలోకి చూస్తూనే లేచి కూర్చుంది.

"అవ్, నాక్కూడా అదే," అని నవ్వింది ఫరహా. "తొమ్మిదేండ్లు. బతికే ఉన్న, చూడు. నౌకరీ చేస్తున్న."

దీపికకు ఆ రోగం ఉన్న ఇంకో మనిషిని చూడడం అదే మొదలు. అడగాల్సినవన్నీ ఒక్కసారే అడిగింది. జుట్టు ఊడుతుంది, మళ్లొస్తదా? పొద్దున లేవంగనే వేళ్లు ముడుచుకోవు, నీక్కూడా గంతేనా? అలసట నిద్రపోయినా పోదు, అందరూ బద్ధకం అంటరు, నిన్నూ అన్నారా?

"మా అత్తగారు నాకు 'నవాబు బేగం' అని పేరు పెట్టింది," అంది ఫరహా. "ఎండల బట్టలారెయ్యదు, నీడ వదలదు అని. మొదటి రెండేండ్లు నేను కూడా నిజంగనే బద్ధకమేమో అనుకున్న. మన ఒంట్ల రోగాన్ని కొట్టాల్సిన బలం దారి తప్పి మన ఒంటినే కొట్టుకుంటుందని ఇక్కడ పనిల చేరినంక అర్థమైంది."

సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి చూపించింది. ఏ రోజు ఏ నొప్పి, ఏ గోలీ, మూత్రం ఎట్లుంది, ఎండలో ఎంతసేపు, అన్నీ తేదీల వారీగా రాసుకుంది. దీపిక ఫోన్ తీసుకుని అందులో ఒక గ్రూపు కలిపింది. డెబ్బై మంది దాకా ఉన్నారు అందులో. బోనకల్ నుంచి ఒకామె, మధిర నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఎక్కడో చర్లలో ఒక టీచరు. చదువు రానివాళ్ల కోసం మాటలతోనే పంపుకుంటారు. అర్థం కానిదుంటే డాక్టరమ్మనడిగి ఫరహా జవాబు పెడుతుంది.

"ఈ గోలీ సంగతి చెప్పు," అంది ముత్తక్క ఉన్నట్టుండి. "ఇది మలేరియా గోలీ కదా?"

"అవ్ ఆంటీ, మలేరియాకు వాడే జాతిదే. కానీ మాకు ఇది వేరే పని చేస్తది. ఒంటి మీద తిరగబడ్డ బలాన్ని చల్లబరుస్తది. ఏడాదికోసారి కంటి డాక్టరుకు చూపించుకుంటే చాలు, భయపడే పని లేదు." ఫరహా ముత్తక్క చేయి పట్టుకుంది. "దీపిక నసీబు మంచిది. ఇంత దూరం వెంటబెట్టుకుని వచ్చిన్రు. మా దిక్కు మీ అసోంటి మనిషి ఒక్కరుంటే నాకు రెండేండ్లు పాడయ్యేటివి కావు."

ముత్తక్క చేయి వెనక్కి తీసుకుని, నీళ్ల సీసా నింపుకొస్తానని లేచిపోయింది. కుళాయి దగ్గర సీసా నిండి పొంగి కారుతున్నా చాలాసేపు అట్లనే నిలబడింది.

మూడో రోజు మధ్యాహ్నం. పరీక్ష కోసం వీపులోంచి కిడ్నీ ముక్క తీశారు. ఆరు గంటలు కదలకుండా వెల్లకిలా పడుకోవాలన్నారు. కిటికీ ఎండ మంచం మీదికి జరుగుతుంటే ముత్తక్క తన పైటచెంగు అడ్డం పట్టి నిలబడింది. చేతులు గుంజుతున్నా దించలేదు.

"కూసో అత్తా. ఎంతసేపు నిలబడతవ్."

"దీపికా. ఆ దినం నేనే ఆపమన్న."

దీపిక పైకప్పు దిక్కు చూస్తూనే ఉంది. "నాకు తెల్వదా?"

"మరి డాక్టరమ్మకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏమైతది? ఆమె నిన్ను తిడ్తది. ఆ మాట ఊరికొస్తది. వానలు మొదలైనయ్. ఇంకో నెలైతే మన గుంపుల ఇంటికొకరు జ్వరంతోని పడతరు. ముత్తక్క చెప్పిన గోలీతోనే దీపిక కిడ్నీ పోయిందట అని తెలిస్తే నీ చేతి గోలీ ఎవడు మింగుతడు? మళ్లా పసరు తాగుతరు. పిలగాండ్లు సచ్చిపోతరు."

ముత్తక్క చెంగును రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

"నాకు కోపం లేదనుకోకు," అంది దీపిక. కళ్లు ఇప్పటికీ పైకప్పు మీదే ఉన్నాయి. "ఉంది. పొద్దున లేచి కాళ్లు చూసుకున్నప్పుడల్లా ఉంటది. ఇప్పుడు నువ్వు ఒప్పుకున్నవ్, నీ గుండె కొంచెం తేలికైతది. నాది తేలిక కాదు కదా అత్తా. అందుకని మళ్లా చెప్పకు నాకు. ఎవరికీ చెప్పకు. ఆ చెంగు కొద్దిగ ఇటు జరుపు, కంట్ల పడుతుంది."

ముత్తక్క చెంగు జరిపింది.

కిడ్నీలు రెండూ దెబ్బతిన్నాయని, పూర్తిగా పోలేదని, కొత్త మందులు కనీసం మూడేళ్లు వాడాలని, నెలనెలా రావాలని చెప్పి పంపారు.

*

ఇంటికొచ్చిన రెండో రోజు పొద్దున దీపిక మందులు వేసుకుందో లేదో చూడ్డానికి ముత్తక్క పోయింది. దడి అవతల నుంచే బొజ్జయ్య గొంతు వినబడింది. ఆయన గొంతు పెంచడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు.

"డిగ్రీ దాకా చదివిచ్చిన. ఏం చదివినవ్? డాక్టరు మింగమన్న గోలీ మింగనీకి కూడా తెల్వకపాయె. నీ ఒళ్లు నువ్వే పాడు చేసుకుంటివి. నేనేం పాపం చేసిన, నీ కాళ్లు చూస్తె నాకు బువ్వ దిగుతలేదు."

దీపిక గడపలో కూర్చుని ఉంది. కొత్త మందులకు ముఖం అప్పుడే ఉబ్బడం మొదలైంది. పొరుగింటి ఇద్దరు ఆడవాళ్లు నీళ్ల బిందెలతో నిలబడి వింటున్నారు. "నొప్పి తగ్గంగనే ఆపిందట," అని ఒకామె రెండో ఆమెకు చెప్పింది. "మేం చదువులేనోళ్లమే నయం. ముత్తక్క ఏ గోలిస్తే అది మింగుతం."

దీపిక తల దించుకుని, గోళ్లతో చాప పుల్ల గీరుతూ ఉంది. ఆమె తలెత్తి దడి దగ్గర ముత్తక్కను చూసింది. చూసి, వద్దన్నట్టు తల కొద్దిగా అడ్డంగా ఆడించింది.

ముత్తక్క దడి తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. ఆమెను చూడగానే బొజ్జయ్య అలవాటుగా మంచం మీది వెదురు బద్దలు తీసి పక్కన పెట్టాడు. ఆమె కూర్చోలేదు.

"అన్నా, పిల్లనేమనకు. గోలీ ఆపమన్నది నేను."

బొజ్జయ్యకు అర్థం కాలేదు. "ఏందీ?"

"చలికాలంల. నువ్వు అడివికి పోయినవ్. ఈ పంచలనే కూసొని, ఇది మలేరియా గోలీ, కండ్లు పోతయ్, ఆపెయ్ అన్న. నలుగురు ఆడోళ్లు గూడ ఉన్నరు. నాకు తెల్వనిది తెల్సినట్టు చెప్పిన."

బిందెల ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ రోజు చింతపండు గింజ తీసిన నలుగురిలో ఒకామె అక్కడే ఉంది. ఆమె బిందె చంక మార్చుకుని, "అవ్, అన్నది," అని మెల్లగా అంది.

బొజ్జయ్య చేతిలో కత్తి నేల మీద పెట్టాడు.

"నా ఇంట్ల నీ మాట కాకుండ ఇంకో మాట ఎన్నడన్న నడిచిందా చెల్లె?" అన్నాడు. గొంతు మళ్లీ మామూలుగా, మెత్తగా ఉంది. ఆ మెత్తదనానికి ముత్తక్క తట్టుకోలేకపోయింది. "నా పెండ్లాం పోయినప్పుడు ఈ పిల్లను నీ చేతుల పెట్టిన. నువ్వు విషం అంటే విషం, మందంటే మందు. ఒక్కసారి ఆ డాక్టరుకు ఫోన్ చేసి అడిగితే ఏం పోయేది? నంబరు చీటి మీదనే ఉండె కదా?"

"అడగాల్నని తోచలే అన్నా."

"తోచలే," అన్నాడు బొజ్జయ్య. లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, చేను దిక్కు వెళ్లిపోయాడు. ఆమెను కూర్చోమనలేదు. నీళ్లు తాగుతావా అని అడగలేదు.

దీపిక గడపలోంచి లేచింది. "చెప్పొద్దన్న కదా," అంది.

"నిన్ను తిడుతుంటే వినలేకపోయిన."

"తిట్లు నాకేం కొత్త గాదు," అని లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసింది.

దీపిక అన్నట్టే జరిగింది. అదే వారం గుంపులో ఒకామె తన కొడుకు వేలు గుచ్చనివ్వలేదు. "రేపు పేటకు తోల్కపోతం లే ముత్తక్కా," అంది ముఖం చూడకుండా. ముత్తక్క బతిమిలాడలేదు, కోప్పడలేదు. ఆ గడపలోనే కూర్చుని, పీహెచ్‌సీ డాక్టరుకు ఫోన్ చేసి, ఆమె చేతికిచ్చింది. డాక్టరు చెప్పాక ఆమె పిల్లవాడి వేలు చాపింది. పదిహేడేళ్లలో అట్లాంటి అవసరం ముత్తక్కకు ఎన్నడూ రాలేదు. ఆ వారంలో నాలుగు ఇళ్లలో వచ్చింది.

*

మంగళవారం ఆశాల మీటింగు. పదకొండు ఊళ్ల ఆశాలు నేల మీద కూర్చున్నారు. దోమతెరల లెక్క, గర్భిణుల పేర్లు అయ్యాక, ఇంకేమన్నా ఉన్నాయా అని సూపర్‌వైజరు అడిగింది. ముత్తక్క లేచి నిలబడి చెప్పింది. రోగం పేరు, గోలీ పేరు, తను అన్న మాట, దీపిక కిడ్నీల సంగతి. ఆసుపత్రిలో ఫరహా ఆ గోలీ గురించి రాసిచ్చిన కాగితం చదివింది.

"సరే సరే, ఇవన్నీ నలుగురి ముందర ఎందుకు," అంది సూపర్‌వైజరు ఇబ్బందిగా. "రిజిస్టర్ల సంగతి చూడండి."

బయట చెప్పులు వేసుకుంటుంటే చాంది వెనక నుంచి వచ్చింది. పక్క తండా ఆశా. ముత్తక్క కంటే ఇరవై ఏళ్లు చిన్నది.

"అక్కా, మా తండాల ఒక పిల్ల ఉంది, సాహిత్య అని. ఇంటరు చదువుతది. చెంపలు గట్లనే ఎర్రగుంటయ్. నువ్వు చదివిన గోలీనే రాసిన్రు. నిన్ననే నన్ను అడిగింది, ఇది మలేరియాది కదా, మింగాల్నా వద్దా అని. నేను... ఇయ్యాల చెప్తానన్న."

ముత్తక్క ఆమె భుజం పట్టుకుంది. దీపిక ఫోన్ నంబరు ఇచ్చింది.

ఆ సాయంత్రం ముత్తక్క బొజ్జయ్య ఇంటికి పోయింది. బొజ్జయ్య గంప అల్లుతూ వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు. తిరగలేదు. దీపిక అరుగు మీద నోటుబుక్కు ముందు పెట్టుకుని ఉంది. తేదీలు వేసి గీతలు కొట్టుకుంది. ముత్తక్క సంగతి చెప్పేలోపే ఫోన్ మోగింది. అరుగు మీద పెట్టి స్పీకరు వేసింది దీపిక.

అవతల సన్నటి, భయపడ్డ గొంతు. తండా నుంచి సాహిత్యనని చెప్పి, ఈ గోలీ మింగాల్నా వద్దా అని అడిగింది. దీపిక నెమ్మదిగా ఒక్కొక్కటే చెప్పింది. బయటికి పోతే నిండు చేతుల జాకెట్టు వేసుకో. పొద్దున వేళ్లు ముడుచుకోకపోతే గోరువెచ్చని నీళ్లల్ల పెట్టు. కాళ్లు వాచినా, మూత్రంల నురగొచ్చినా సిగ్గుపడి దాచుకోకు, ఆ రోజే చెప్పు. నువ్వు బద్ధకపు దానివి కావు, ఎవరట్లన్నా నమ్మకు. గ్రూపుల నిన్ను కలుపుతా, అందరం ఉన్నం.

ముత్తక్క అరుగు కింది మెట్టు మీద కూర్చుని విన్నది. ఈ మాటలన్నీ ఎనిమిది నెలల కింద ఇదే పంచలో ఎవరన్నా దీపికకు చెప్పాల్సినవి. చెప్పాల్సిన మనిషి అప్పుడు ఇక్కడే కూర్చుని ఉంది.

"ఇంకా, గోలీ ఆపకు," అంది దీపిక. "డాక్టరు చెప్తే తప్ప ఎవరు చెప్పినా ఆపకు."

"మా నాయనమ్మ చెప్పినా?"

"చెప్పినా ఆపకు."

"ఆశా అక్క చెప్తే?"

దీపిక పెదవి కొరుక్కుంటూ నోటుబుక్కు దిక్కు చూసింది. ముత్తక్క మెట్టు మీద నుంచి ముందుకు వంగింది.

"ఆశా అక్క చెప్పినా ఆపకు బిడ్డా. ముందు డాక్టర్ని అడుగు. నేను ఆశా అక్కనే చెప్తున్న."

అవతల ఆ పిల్ల అడిగింది, "అట్లెందుకంటున్నరు అక్కా? ఏమైంది?"

ముత్తక్క దీపిక ముఖంలోకి చూసింది. దీపిక వాచిన వేళ్లతో ఫోన్‌ను అరుగు మీద మెల్లగా ఆమె దిక్కు జరిపింది.